సున్నం గోడ మీద మూడు గీతలు

ముందే చెబుతున్నాను, నేను అనుమానపు మనిషిని. పాల ప్యాకెట్టు మీద తేదీ చూసి, వాసన చూసి, అప్పటికీ మా ఆవిడ మొహం చూసి గానీ కాఫీ తాగను. కర్నూలు జిల్లా మెట్ట నేలల్లో ఉన్న ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గుమాస్తాగా చేరి, పరిపాలనాధికారిగా దిగిపోయేదాకా ఈ గుణమే నాకు అన్నం పెట్టింది. ఎవరైనా మెడికల్ సర్టిఫికెట్టు ఇస్తే దాన్ని వెలుతురుకు పట్టి చూసేవాణ్ణి. ఆఫీసులో నాకు పెట్టిన పేరు భూతద్దం. నా ముందు ఎవరూ అనేవాళ్ళు కాదు. కానీ క్యాంటీనులో నేను అడుగు పెట్టగానే మాటలు ఎందుకు ఆగిపోతాయో నాకు తెలియదా?

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అనుమానించడం తప్పని నేను చెప్పను, చెప్పినా మీరు నమ్మకండి. ముప్పై నాలుగేళ్ళు అందరినీ అనుమానించినవాణ్ణి, ఒకసారి అనుమానించాల్సిన చోట వదిలేసి, అక్కర్లేని చోట పట్టుకుని ఎట్లా బోల్తా పడ్డానో అది మాత్రం చెబుతాను.

దేశం మొత్తం మీద ఏటా కొద్దిమంది శాస్త్రవేత్తలకు ఇచ్చే పెద్ద బహుమతి ఒకటి ఉంది. దాని పేరు మనకు అవసరం లేదు. దాని నియమాల పుస్తకం ఎనిమిది పేజీలు. మొదటిసారి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. రాసినవాడెవడో గానీ అచ్చం నా మాదిరి మనిషి అనుకున్నాను. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోకూడదు, సంస్థ అధిపతి ముందు పేరు పంపి, గడువులోగా పూర్తి ఫైలును పోర్టల్లోకి ఎక్కించాలి. వయసు నలభై ఐదు దాటకూడదు. కలిసి పని చేసినవాళ్ళందరూ ఎవరు ఎంత చేశారో రాసి సంతకం పెట్టాలి. పేరు వెళ్ళిన మనిషి బహుమతి కమిటీకి ఒక్క ముక్క రాసినా, ఫోను చేసినా అది పైరవీ కిందకి వస్తుంది, పేరు కొట్టేస్తారు. చివరి పేజీలో అసలైన నియమం. సదరు శాస్త్రవేత్త మీద ఫిర్యాదు ఏదైనా ఉంటే సంస్థే విచారించాలి. మూల రికార్డులు చూశాం, అన్నీ సవ్యంగా ఉన్నాయి అని పరిపాలనాధికారి సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఆ పరిపాలనాధికారిని నేను.

మా కేంద్రం నుంచి ఆ ఏడు వెళ్ళిన పేరు ఒక మెట్ట పంటల శాస్త్రవేత్తది. కోసిగి వైపు పల్లెవాడు. అమ్మానాన్నా ఏటా సుగ్గికి పోయినవాళ్ళే. సుగ్గి అంటే ఈ ప్రాంతం కానివాళ్ళకు తెలియకపోవచ్చు. వానలు మోసం చేసిన ఏడు ఊరికి ఊరే మూటలు కట్టుకుని గుంటూరు వైపు పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో వెళ్ళి, ఉగాదికి తిరిగి వస్తుంది. అట్లాంటి ఇంట్లో నుంచి వచ్చి డాక్టరేటు చేసిన మనిషి. మాట తక్కువ. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఎందుకు లేస్తాడా అని అదీ ఒక అనుమానమే నాకు.

అతను చేసిన పని చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. పన్నెండు ఊళ్ళలో రైతుల చేలలో వాన కొలిచే డబ్బాలు పెట్టించి, ఐదేళ్ళ పాటు రోజూ వాళ్ళ చేతనే రిజిస్టరు రాయించాడు. ఎంత వాన పడితే శనగ విత్తడానికి పదును వచ్చినట్టు అని లెక్క తీశాడు. తేలిన సంగతి ఏమిటంటే, మనం ఇన్నాళ్ళూ అనుకున్నంత పెద్ద వాన అక్కర్లేదు, చిన్న వాన పడినా విత్తుకోవచ్చు అని. పరిశోధన పత్రికలో వచ్చింది. వ్యవసాయ శాఖ వాళ్ళు కరపత్రాలు వేశారు. రైతులు దాన్ని చిన్న వాన లెక్క అనడం మొదలుపెట్టారు. అతనికి నలభై నాలుగు నిండాయి. ఆ ఏడు తప్పితే ఆ బహుమతికి మళ్ళీ అవకాశం లేదు.

మా డైరెక్టరు మంచివాడే, కానీ రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్నాడు. పోయేలోపు కేంద్రానికి ఒక జాతీయ బహుమతి వస్తే తన ఫోటో హాల్లో శాశ్వతంగా ఉంటుందని ఆశ. ఫైలు కట్టమని నాకు చెప్పాడు.

గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

తెల్ల కవరు, లోపల గీతల కాగితం. ఎడమ చేత్తో రాసినట్టు వంకరటింకర అక్షరాలు. నాలుగే వాక్యాలు. కోసిగి దగ్గర ఊళ్ళో మూడో ఏడు హస్త, చిత్త కార్తెల్లో డబ్బా చూసిన దిక్కు లేదు. రిజిస్టరులో ఉన్న మూడు వానలు ఆ డబ్బాలో పడినవి కావు. మీరే పోయి చూడండి. చూడకుండా సర్టిఫికెట్టు ఇవ్వొద్దు.

ఆకాశరామన్న ఉత్తరం వస్తే ఆఫీసులో ఏం చేస్తారో మీకు చెప్పనా? ముందు కవరు మీద పోస్టు ముద్ర చూస్తారు. తర్వాత చేతిరాత చూస్తారు. తర్వాత ఎవరికి ఎవరితో పడదో లెక్క వేస్తారు. ఉత్తరంలో ఉన్నది నిజమా కాదా అన్నది, టైముంటే చూస్తారు. నేనూ అదే చేశాను. భూతద్దం అని పేరు పెట్టించుకున్నవాణ్ణి, ఉత్తరాన్ని వదిలేసి రాసినవాడి వెంట పడ్డాను.

ముద్ర కడపది. అంతే, నాకు మనిషి దొరికిపోయాడు. మా కేంద్రంలో కడప మనిషి ఒక్కడే. సీనియర్ శాస్త్రవేత్త, ప్రతి శనివారం బస్సెక్కి ఇంటికి పోయేవాడు. ఈ పరిశోధనలో సహ రచయిత. సీనియారిటీ ఆయనది, బహుమతికి వెళ్ళిన పేరు మాత్రం జూనియరుది. ఇంతకంటే ఏం కావాలి? పైగా ఇరవై ఏళ్ళుగా రోజూ పదకొండు గంటలకు నాతో కలిసి టీ తాగిన మనిషి. అంత స్నేహంగా ఎందుకున్నాడా అని అప్పుడు అనుమానమొచ్చింది.

చేతిరాత పట్టుకోవడానికి ఒక ఎత్తు వేశాను. ఎవరి సెలవులు ఎన్ని మిగిలాయో తమ చేత్తో తెలుగులో రాసి ఇవ్వాలని సర్క్యులర్ పంపాను. అందరూ ఇచ్చారు. కడపాయన రెండు చేతులతో రాసి రెండు కాగితాలు ఇచ్చాడు.

‘‘కుడిచేతిది ఒకటి, ఎడమచేతిది ఒకటి. కాలితో గూడా రాయమంటావా?’’ అన్నాడు టేబులు మీద పెట్టి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందే అన్నాను నేను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి టీకి రాలేదు. అంతటితో ఆగలేదు కూడా. ఆయన సహ రచయితగా పెట్టాల్సిన సంతకం ఆపేశాడు. ‘‘నా సంతకం మీద నమ్మకముంటే అడుగు. నా రాత మీద నమ్మకం లేనోనికి నా సంతకం ఏం చేసుకుంటావ్?’’ అని కబురు పంపాడు. ఆ ఒక్క సంతకం లేక ఫైలు పోర్టల్లోకి ఎక్కకుండా నా టేబులు మీదే ఉండిపోయింది. అది ఎంత మేలు చేసిందో అప్పుడు నాకు తెలియదు.

ఇంతలో డైరెక్టరు తొందర పెట్టాడు. ఎవడు రాశాడో తర్వాత చూసుకుందాం, ముందు నువ్వొకసారి ఆ ఊరికి పోయి, చూశానని రాసి, ఈ ఫిర్యాదు మూసెయ్ అన్నాడు. సరేనన్నాను. పోయేముందు రిజిస్టరు తీశాను. మిగతా పేజీలన్నీ రకరకాల సిరాలు, మట్టి వేలిముద్రలు, వాన చినుకుల మరకలు. ఆ రెండు కార్తెల పేజీ మాత్రం ఒకే సిరాతో శుభ్రంగా ఉంది. అన్నీ అంకెలే. అంకెల్లో ఎవరి రాతో పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఇదేదో తేడాగా ఉందే అనుకున్నాను.

ఇక్కడ నేను చేసిన పని వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి. విచారణకు పోయే మనిషిని, ముందు రోజు ఆ ఊరికి ఫోను చేయించాను. ఫలానా రోజు వస్తాం, డబ్బా చూసే ఇంటివాళ్ళు ఇంట్లో ఉండాలి, మూడో ఏటి రిజిస్టరు జిరాక్సు తీసి పెట్టుకోవాలి అని. ప్రతి ఏడూ రిజిస్టరు జిరాక్సు ఒకటి రైతుకు ఇచ్చేవాళ్ళం లెండి. ఎండలో అంత దూరం పోయి తాళం చూసి తిరిగి రాకూడదని నా బాధ. దొంగతనం పట్టుకోవడానికి వస్తున్నామని ముందే చాటింపు వేయించిన తలారి ఎవరైనా ఉన్నాడా లోకంలో? ఉన్నాడు, నేనే.

ఉగాది అయి మూడు వారాలు. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగి వచ్చారు. జీపు దిగేసరికి డబ్బా చూసే ఇంటి ముందు అవ్వ ఒకామె కూర్చుని ఉంది. అరవై ఐదు ఉంటాయేమో, డెబ్భై ఉంటాయేమో. కొడుకు చేనికి పోయాడంట. కోడలు లోపల నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పండక్కి సున్నం కొట్టిన ఇల్లు తెల్లగా మెరుస్తోంది. సున్నం వాసన ఇంకా పోలేదు. ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అనుకున్నాను. ఆ ముక్క గుర్తు పెట్టుకోండి.

మూడో ఏడు ఆ రెండు కార్తెల్లో మీరు ఊళ్ళో ఉన్నారా అని అడిగాను.

‘‘మా వోడు, కోడలు సుగ్గికి పోయిరి. నేను ఈన్నే ఉంటిని గదప్పా’’ అంది అవ్వ.

మరి డబ్బా ఎవరు చూశారు, నీకు చదువు రాదు కదా అన్నాను. ఆమె లేచి నన్ను లోపలికి తీసుకుపోయింది. గోడ మీద, ఉట్టి పక్కన, బొగ్గుతో గీసిన గీతలు వరసగా ఉన్నాయి. పెద్ద వానకు పొడుగు గీత, చిన్న వానకు పొట్టి గీత అంట. నేను గీస్తాంటి, మా వోడు వచ్చినాంక చూసి ఒకే తూరి రాసినాడు అంది. నేను రిజిస్టరు తెరిచి సరిచూశాను. మూడో ఏటి వానలు ఎన్నో గీతలూ అన్నే. చివర్లో హస్త, చిత్త కార్తెలకు మూడు పొట్టి గీతలు. రిజిస్టరులోనూ మూడు చిన్న వానలే. ఒకే సిరా ఎందుకో కూడా తెలిసిపోయింది. వేలు పెట్టి ఒక గీతను తడిమి చూశాను. బొగ్గు వేలికి అంటింది. జేబు రుమాలుతో తుడుచుకున్నాను.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మా ఆఫీసులో హాజరు పట్టీకీ గేటు రిజిస్టరుకీ ఏ రోజూ సరిపోదు. నాలుగేళ్ళ కిందటి బొగ్గు గీతలకూ కాగితానికీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిందంటే, ఏదో ఉందని చిన్నపిల్లవాడికైనా తోస్తుంది. కానీ నా బుర్ర నిండా కడపాయనే ఉన్నాడు. చూశావా, పచ్చి అబద్ధం రాశాడు అసూయతో, ఇప్పుడు దొరికాడు అనుకుంటూ సంబరంగా జీపెక్కాను. అవ్వ పెట్టిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిని మరీ ఎక్కాను.

మర్నాడు పొద్దున సర్టిఫికెట్టు టైపు చేయించి సంతకం పెట్టాను. మూల రికార్డులు స్వయంగా చూశాను, ఫిర్యాదు నిరాధారం అని. శాస్త్రవేత్తను పిలిచి చూపించాను. నీ మీద ఎవడో బురద చల్లాడప్పా, నేనే పోయి కడిగేసి వచ్చాను, ఇక నీకు భయం లేదు అన్నాను. అవ్వ గోడ సంగతి, గీతల సంగతి అంతా చెప్పాను. అతను ఆ కాగితం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా ముందు అతను కూర్చోవడం అదే మొదటిసారి. కళ్ళు చెమ్మగిల్లాయి. సంతోషం పట్టలేక అనుకున్నాను నేను.

ఆ సాయంత్రం మా ఆవిడ బట్టలు నానబెడుతూ రుమాలుకు మసి ఏమిటని అడిగింది. చెప్పాను. నేను అనుమానపు మనిషినైతే మా ఆవిడ నాకు గురువు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు, నా విషయంలో ఆ తన్నే మనిషి ఇంట్లోనే ఉంది. అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

‘‘ఉగాదికి సున్నం కొట్టిన గోడ అంటిరి గదా. నాలుగేండ్ల నాటి గీతలు సున్నం మీదికి ఎట్ల వచ్చె?’’

రుమాలు బకెట్లో పడింది. సంతకం పెట్టిన సర్టిఫికెట్టు ఫైలులో ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క తప్పుడు సర్టిఫికెట్టు ఇవ్వని మనిషిని, ఒక ముసలామె రొట్టె పెట్టి నా చేత ఇప్పించింది. ఆమెను అనుమానించాలా, శాస్త్రవేత్తను అనుమానించాలా, ఇద్దరూ కూడబలుక్కున్నారా? తెల్లారేసరికి కూడబలుక్కున్నారనే తేల్చుకున్నాను. వాడు నా ముందు కంటతడి పెట్టింది కూడా నాటకమేనని ఒళ్ళు మండింది.

గడువుకు రెండు రోజులు. ఆఫీసుకు పోగానే అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాను. గోడకు ఎప్పుడు గీయించావ్ అని అడిగాను. నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆ గీతల సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలియదు సార్ అన్నాడు. మరి ఆ మూడు వానలు యాడివి అన్నాను.

‘‘మండలాఫీసు డబ్బాలోవి సార్. ఎనిమిది కిలోమీటర్లు. ఆ యేడు ఊరంతా విత్తనమేసి ముందే సుగ్గికి పోయిరి, అవ్వ గూడా పోయె. డబ్బా చూసేటోళ్ళు లేరు. మండలాఫీసులో లెక్క తెచ్చి నేనే పూరించినా. కింద ఒక మాట రాయాల, రాయలేదు.’’

అంటే ఉత్తరంలో ఉన్నది నిజమే. అయితే కడపాయనకు ఇది ఎట్లా తెలిసింది అన్నాను. అప్పటికీ నా బుర్ర కడపలోనే ఉంది చూడండి. అతను తల వంచుకున్నాడు.

‘‘ఆయన కాదు సార్. ఆ ఉత్తరం రాసింది నేనే.’’

ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి పెళ్ళాంతో పోయి, వస్తూ కడపలో పోస్టు చేశాడంట. నేను బీరువాలోంచి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. హస్త, చిత్త కార్తెలు అని ఉంది. కడపాయన టౌన్లో పుట్టి టౌన్లో పెరిగినవాడు. సెప్టెంబరు, అక్టోబరు అంటాడు గానీ కార్తెల పేర్లు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఈ ఒక్క మాట ముందే పట్టుకుని ఉంటే ఇరవై ఏళ్ళ టీ నిలబడేది.

ఎందుకు రాశావురా నాయనా అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ మూడో ఏడు కరువు. పన్నెండు ఊళ్ళలో శనగ నిలబడింది ఆ ఒక్క ఊళ్ళోనే, అదీ మూడు చిన్న వానలతో. చిన్న వాన లెక్క మొత్తం ఆ ఊరి మీదే నిలబడింది. కిందటి ఏడు అవ్వ కొడుకు ఆ లెక్క నమ్మి, చిన్న వానకే ఉన్న చేనంతా విత్తాడు. మొలక మాడిపోయింది. విత్తనం పోయి, ఊరికంటే ముందే మూట కట్టుకుని సుగ్గికి పోయారు. వాళ్ళు ఉగాదికి తిరిగి వచ్చాక ఇతను పరామర్శకు పోతే, అవ్వే మాటల్లో చెప్పిందంట. ఆ కరువు ఏడు మేము పోయినాంక మన చేను మీద ఒక పెద్ద వాన కురిసెనంట గదప్పా, గొర్లోళ్ళు చెప్పిరి అని. ఆ మబ్బు మండలాఫీసు మీదికి పోలేదు. పంటను నిలబెట్టింది ఆ పెద్ద వాన. రిజిస్టరులో దాని జాడే లేదు.

డైరెక్టరుకు చెప్పాడంట. ఆయన ఒక్క ఊరు, ఒక్క ఏడు, ఎవరు చూస్తారులే అన్నాడు. కమిటీకి రాస్తానంటే, నువ్వు ఒక్క ముక్క రాసినా పైరవీ కింద కొట్టేస్తారు, కేంద్రం పరువు పోతుంది అని భయపెట్టాడు. నియమాల పుస్తకం ఇతనూ చదివాడు. పేరు వెళ్ళిన మనిషికి నోరు విప్పే దారి అందులో ఎక్కడా లేదు. విచారణ జరిగే దారి ఒక్కటే ఉంది, ఫిర్యాదు.

నా దగ్గరికి వచ్చి చెప్పొచ్చు కదా అన్నాను. నొచ్చుకునే అడిగాను.

‘‘మీరు ఎవరు చెప్పినా నమ్మరు గదా సార్. ఆకాశరామన్న చెప్తే మాత్రం యాడికైనా పోయి చూసొస్తారు’’ అన్నాడు.

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

తర్వాత నేను చేసింది చెబితే మీరు నమ్మరు. ఆ మనిషిని ఆపడానికి చూశాను. నలభై నాలుగేళ్ళు, ఇదే ఆఖరి అవకాశం, పైగా మెమో వస్తుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది. ఫిర్యాదు నిరాధారమని నేను రాసేశాను, నా సంతకం ఉంది. విత్తనం పోగొట్టుకున్న అవ్వే నీ తరఫున సాక్ష్యం చెప్పింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకప్పా అన్నాను. చెబుతూ చెబుతూ, ఇది అతని మేలు కోసమా, నా తప్పుడు సర్టిఫికెట్టు బయట పడకుండానా అని నన్ను నేనే అనుమానించాను. ఆ అనుమానం మాత్రం సరైనదే.

‘‘వానలు మళ్ళా రెండు నెలల్లో వస్తాయి సార్. బహుమతి వచ్చిందంటే ఆ లెక్కను ఇంక ఎవురూ తిరిగి చూడరు’’ అన్నాడతను.

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను. సర్టిఫికెట్టు చించేసి, ఫిర్యాదు నిజమని రిపోర్టు రాశాను. డైరెక్టరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు పేరు వెనక్కి తీసుకున్నాడు. అతనికి మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. పత్రికకు తప్పు ఒప్పుకుంటూ రాశాడు. శాఖవాళ్ళు కరపత్రాలు ఆపేశారు. ఆ ఏడు వానలకు ముందే పన్నెండు ఊళ్ళూ తిరిగి, పాత లెక్క పట్టుకోవద్దని తనే చెప్పి వచ్చాడు. నలభై ఐదు దాటిపోయాయి. ఇప్పటికీ అదే కేంద్రంలో వాన కొలుస్తున్నాడు. నేను కూడా సంజాయిషీ రాసుకున్నాను. మొదటి సర్టిఫికెట్టు కాపీ కంప్యూటర్లో ఉండిపోయింది మరి.

కడపాయన ఇంటికి పోయి క్షమించమని అడిగాను. కాఫీ తెప్పించాడు. రెండు గ్లాసుల్లోంచీ తనే ఒక్కో గుక్క తాగి, ‘‘ఇప్పుడు నమ్మకంగా తాగు’’ అని ఒకటి నా ముందుకు జరిపాడు. తాగాను. ఇంకా టీకి కలవలేదు మేము.

అసలు చెప్పాల్సింది చివరికి ఉంచాను. రిపోర్టు పంపాలంటే ఆ రెండు కార్తెల్లో తాము ఊళ్ళో లేమని ఇంటివాళ్ళ వాంగ్మూలం కావాలి. గడువు ముందు రోజు శాస్త్రవేత్తను జీపులో ఎక్కించుకుని మళ్ళీ ఆ ఊరికి పోయాను. ఈసారి ఫోను చేయించలేదు.

మేమిద్దరం కలిసి దిగడం చూసి అవ్వకు విషయం తెలిసిపోయింది. కోడలు లోపలికి తప్పుకుంది. జిరాక్సు చూసి గీతలు గీసింది ఆ కోడలేనంట. నేను గోడ ముందు నిలబడి, ఎందుకు అబద్ధం చెప్పావవ్వా అన్నాను. కోపంగానే అన్నాను. నీ కొడుకు విత్తనం పోయింది ఈయన లెక్క వల్లనే, నీకు తెలియదా అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు, అతని వైపు చూసింది.

‘‘తెల్సప్పా. దుడ్లు పోతే సుగ్గికి పోయి తెచ్చుకుంటాం. పిల్లోని పేరు పోతే యాడికి పోయి తెచ్చుకోవాల?’’

ఉద్యోగంలో ఎన్నో విచారణలు చేశాను. అబద్ధం చెప్పిన సాక్షి ముందు తల దించుకున్నది ఆ ఒక్కసారే. శాస్త్రవేత్త గడప మీదే కూర్చున్నాడు. వాళ్ళమ్మకు చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. ‘‘అవ్వా, ఈ యేడు గూడా మీరు విత్తేది నా మాట మీదనే గదా. అందుకే వేలిముద్ర అడుగుతాండా.’’

అవ్వ కాగితంలో ఏముందో నన్ను చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఏదైనా మార్చి చదువుతున్నానేమో అని నా మొహమే చూస్తూ వింది. అప్పుడు బొటనవేలు ముందుకు చాపింది. నేను సిరా అంటించి ముద్ర వేయించాను. వేలికి మిగిలిన సిరాను ఆమె ఆ తెల్లటి గోడకే, మూడో గీత కింద తుడిచేసింది.

జీపు ఎక్కబోతుంటే నన్ను వెనక్కి పిలిచింది.

‘‘ఇంకో తూరి వచ్చినా ఇట్లనే రాప్పా. ముందుగా ఫోను చేయొద్దు’’ అంది.